పదకొండో నంబరు

పన్నెండేళ్లాయ.
ఇప్పటికీ ఎవురన్నా బనీను మీద పదకొండు కుట్టమంటే
ఎర్రదారం అయిపోయిందని చెప్తా.
దారం ఉండాది.
గుండీల డబ్బా అడుగున, పేపర్లో చుట్టి.

వాని పేరు మద్దిలేటి.
పత్తి యార్డులో బోరాలు మోసే హమాలీ కొడుకు.
నా షాపు వాకిలికి తల కొట్టుకోకుండా
ఒక్కసారన్నా లోపలికి రాలేదు.
కొలతల బుక్కులో వానిది ఒక పేజీ:
భుజం పందొమ్మిది, ఛాతీ ముప్పైతొమ్మిది,
చెయ్యి అన్నకాడ అంకె లేదు.
"చేతులొద్దన్నా, ఎగిరేటప్పుడు పట్టేస్తాది" అన్నాడు.
చేతుల్లేకుండానే కుట్టిచ్చినా.
కూలి తీసుకోలా.

నెట్టు కాడ వాడు లేస్తే
జిన్నింగు మిల్లు దూది లేసినట్టు కాదప్పా,
దూదికేం బరువు?
నిండు బోరెం లారీ మీదికి లేసినట్టు లేసేవాడు.
మోసినోళ్లకు తెలుసు అదేందో.
పైన రెప్పపాటు ఆగేవాడు,
ఆ రెప్పపాటులో ఎమ్మిగనూరోళ్లు
ఇంటి దేవున్ని తలుచుకునేవాళ్లు.
తర్వాత బంతి నేలను కొట్టిన సప్పుడు.
దుమ్ము మా కండ్లలో పడేది,
తుడుచుకోకుండా అరిచేవాళ్లం.

గుంతకల్లు టీమును ఓడగొట్టిన రాత్రి
బండి హుసేనప్ప అందరికీ ఊరికే ఉగ్గాని పెట్టినాడు,
మర్సటి రోజు బొరుగులు కూడా నానేసి.
నేను షాపు మూసి, చీకట్లో
వాని ఎనక వాళ్ల వీధి దాకా నడిచినా.
ఎందుకో నాకే తెలీదు.
వాడు తిరిగి చూడలా.

మర్సటేడు బళ్లారికి పోయినాడు.

బళ్లారి!
విజయవాడకు పోయింటే ఏమనుకునేవాన్ని కాదు,
మద్రాసుకు పోయింటే ఫోటో కట్టిచ్చి పెట్టుకునేవాన్ని.
బళ్లారి జీన్సు ప్యాంట్లు ఊర్లోకొచ్చినాకే కదా
నా రెండో మిషనుకు గుడ్డ కప్పింది.
ఆ జీన్సు కంపెనీ టీమే వాన్ని కొనుక్కుంది.
నెల జీతం, మోటర్‌సైకిలు,
ఈపు మీద కన్నడంలో పేరు.
కుట్టిన పేరు కాదది, అంటిచ్చింది.
రెండు ఉతుకులకు ఊడొస్తాది.

చెప్పి పోయింటే సరిపోయేది.
"అన్నా, పోతాండా" అని
వాకిలికి తల కొట్టుకోని, ఒక్క మాట.

మళ్లీ ఆదోనికి వచ్చినాడు, మా మీద ఆడను.
ఊరంతా ఈలలేసి ఎగతాళి చేసింది.
నేనూ నోట్లో రెండేళ్లు పెట్టినా,
గాలొచ్చింది, సప్పుడు రాలా.
పదహారు స్మాషులు. లెక్కపెట్టినా.
పదిహేడోది నెట్టుకు తగిలితే
నా నోట్లోంచి "అయ్యో" అని వచ్చేసింది.
పక్కనున్న కిష్టోజి నన్ను చూసిన చూపు
ఇంగా మర్చిపోలా.
దానికి కూడా వాన్నే తిట్టుకున్నా.

మోకాలు పోయిందంట తర్వాత.
హొస్పేటలో గోడౌను కాడ వాచ్‌మెనని ఒకరన్నారు,
సొంత లారీ ఉండాదని ఇంకొకరన్నారు.
నేను అడగలా, వాళ్లే చెప్పినారు.
రెండుసార్లు అడిగినా.

నిన్న సాయంత్రం ఒక పిల్లోడొచ్చినాడు.
కొత్త టీము, పది బనీన్లు.
"నాకు పదకొండన్నా."
ఎర్రదారం లేదు.
"నల్లది ఎయ్యి."
అది మద్దిలేటి నంబర్రా.
"ఎవురన్నా ఆయప్ప?"

నాది కరెంటు మిషను కాదు.
కాలే ఆగింది.
ఏం చెప్పాల?
ఎగిరిపోతాండె అనా? ఎగిరిపోయినాడనా?
తిట్టి తిట్టి భద్రంగా పెట్టుకున్న మనిషిని
బెంచీ మీద కూచోని, కాళ్లూపుకుంటా,
ఎవురని అడుగుతాడే వీడు!

టేపు తీసినా. భుజం పదహారున్నర.
చెయ్యెత్తమంటే ఎత్తినాడు,
పైన రేకుకు తగిలింది.
"దించు" అన్నా, రొంత గట్టిగానే.

పన్నెండు ఏసుకోరా,
బాగుంటాది.