అరువు పెన్సిల్

బల్లారట్‌లో జూలై అంటే
పొద్దున్నే కారద్దం మీది మంచుని
చెల్లని బ్యాంకు కార్డుతో గీకడం.
ఆ శనివారం గీకే ఓపిక లేక నడిచే వెళ్లాను
చర్చి వాళ్ల పాతసామాన్ల కొట్టుకి,
ఓ ఉన్ని దుప్పటి కోసం.

కప్పులు పోగొట్టుకున్న సాసర్ల పక్కన
టేప్ రికార్డరు. నాలుగు డాలర్లు.
ప్లే మీట మీద బాణం గుర్తు అరిగిపోయింది,
ఏ బొటనవేలి మురిపెమో.

ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది నాకు.
మూడిళ్లు మారాం,
పెళ్లి ఫొటోలు పెట్టెతో సహా పోయాయి గానీ
ఇది మాత్రం పిల్లిలాగా
ప్రతి ఇంట్లోనూ తన మూల తను వెతుక్కుంది.
వెనక్కెళ్లి తెచ్చాను.

రిబ్బను బయటికొచ్చి వేలాడుతోంది.
కౌంటరు వెనకాల నోరీన్, ఎనభై ఏళ్లుంటాయి,
ఏమీ అడగలేదు.
ధరలు రాసే పెన్సిల్ని చెవి మీంచి తీసి
క్యాసెట్ కన్నంలో పెట్టి తిప్పింది.
ఈ విద్య బొబ్బిలిలో మాకే తెలుసనుకున్నాను ఇన్నాళ్లూ.
"ఇంకా వదులుగా ఉంది, ఇంటికెళ్లి తిప్పుకో,
పెన్సిల్ తర్వాత ఇద్దువుగాని" అంది.

ఎనభై ఆరులో
రేడియోకెదురుగా టేప్ రికార్డర్ని కూచోబెట్టి
పెళ్లిచూపులు జరిపినట్టు
తలుపులేసి, ఫ్యాను ఆపి
పట్టుకున్న పాట.
గొప్పదేం కాదు. వారం ఆడని సినిమాలోది.
ఓల్టేజి పడిపోయిన చోటల్లా
పాడేమనిషి గొంతు సన్నబడి చిన్నపిల్లైపోతుంది,
కరెంటు రాగానే మళ్లీ పెద్దమనిషవుతుంది.
మూడో చరణంలో "వెన్నె..." అనేసరికి
టక్కుమని టేపు అయిపోతుంది.

అది వెన్నెలో వెన్నో
ముప్పయ్యెనిమిదేళ్లుగా తెలీదు నాకు.
తెలీకుండానే పాడుకున్నాను
హాస్టల్ బాత్రూముల్లో, ప్రసూతి వార్డులో,
ఇక్కడి వృద్ధాశ్రమం వంటగదిలో
అరవై మందికి గుమ్మడికాయ సూపు కలుపుతూ,
ప్రతిసారీ అక్కడే గరిటె ఆపేస్తూ.

మా ఆయన భావన్నారాయణ
వంకాయలు తరుగుతూనే ఫోన్లో వెతికిపెట్టాడు:
"ఇదిగో, మొత్తం పాట."
అద్దంలా ఉంది. ఓ గీత లేదు, ఓ బొబ్బ లేదు.
వెన్నెలే.
వెన్నైతే బాగుండేది.

మళ్లీ నా టేపే పెట్టాను.
పాటకీ పాటకీ మధ్య, ఎప్పుడూ దాటేసే చోట,
కిసుక్కుమని ఎవరో నవ్వారు. పైడమ్మ.
వెంటనే ఇంకో పిల్ల, పళ్లు బిగబట్టి:
"ఏటే ఆ నవ్వు? ఊరుకోయే, రికాడవతంది!"

కత్తిపీట ఆగింది.
"ఎవరా పిల్ల?" అన్నాడాయన.
ఆయనది పొన్నూరు.
నాకు పెళ్లయ్యేనాటికే
బెజవాడ హాస్టల్లో నవ్విన నవ్వులకి
నా "ఏటి" ఏమిటైంది,
నా "ఒలమ్మ" అయ్యో అయింది.
ఆ తర్వాత అయ్యో కూడా సారీ అయింది.
ఒక్కో మాటా ఎవరూ లాక్కోలేదు,
నేనే మడతపెట్టి లోపల పెట్టాను, తాళం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

"నువ్వు చూళ్లేదులే ఆ పిల్లని" అన్నాను.

ఆ రాత్రి పాట వినలేదు.
ఆ ఒక్క కసురే, వెనక్కి తిప్పి, వెనక్కి తిప్పి
పదకొండు సార్లు.
పన్నెండోసారి రిబ్బను మళ్లీ చిక్కుకుంటే
పెన్సిల్ పెట్టి మెల్లగా తిప్పాను,
నిద్రపోయే పిల్ల జడ విప్పుతున్నట్టు.

సోమవారం డ్యూటీకి వెళ్తూ కొట్టు దగ్గర ఆగాను.
తలుపు ఇంకా సగమే తెరిచింది నోరీన్,
చేతిలో తాళాలు, నోట్లోంచి ఆవిరి.
పెన్సిల్ అందించాను.
"పాడిందా?" అంది ఇంగ్లీషులో.
ఇంగ్లీషులోనే చెప్దామని నోరు తెరిస్తే
"పాడినాదమ్మా" అని వచ్చింది.
ఆమెకేం అర్థమైందో,
"మంచిది" అని
పెన్సిల్ చెవి మీద పెట్టుకుని
సాసర్లు తుడవడానికి వెళ్లిపోయింది.