ఎడమ సీటు, కుడి సీటు

రంగైలుండ నుంచి రెండు సీట్లొచ్చాయి
ట్రాలీ రిక్షాలో, తాడేసి కట్టి, వెల్లకిలా.
"ఏటివి, సినిమా హాలువా?" అంది టీకొట్టు దాలమ్మ.
కావు. విమానానివి.
గ్లాసులు కడగడం ఆపింది.

బరంపురంలో, కోర్టుపేట మలుపులో నా కొట్టు.
ఆటో సీట్లు, బుల్లెట్ సీట్లు,
ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీ.
బోర్డు మీద ఇప్పటికీ మావయ్య పేరే,
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి,
రెండింట్లోనూ ఒక్కో అక్షరం రాలిపోయి.

విమానం పేరు పుష్పక్ అట.
ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని
అమ్మమ్మ చెప్పిన పుష్పకం కాదిది.
ఇద్దరెక్కితే మూడోవాడి చేతిసంచికీ జాగా లేదు.
"బరువే దీని ధర్మం, ఆజ్ఞా" అన్నాడు
మెకానిక్ లింగరాజు పాత్రో.
సీట్లతో పాటు ఓ కాటా కూడా దింపాడు,
పట్టునూలు తూచేది, ఎవరినో అడిగి తెచ్చింది.

విప్పాను.
పైన రెక్సిన్, వేగిన అప్పడంలా బుడిపెలు లేచి.
కింద కాన్వాసు.
కాన్వాసు కింద కొబ్బరిపీచు,
పీచులో గుర్రపు వెంట్రుకలు,
ఒక ఐదు పైసల బిళ్ళ, ఒక తలపిన్ను,
వాంతి రాకుండా ఎవరో దాచుకున్న
నిమ్మతొక్క, రాయిలా బిగిసి.

మూలల్లో ముడులన్నీ ఎదురు దిక్కుకి తిరిగి ఉన్నాయి.
నాకన్నా ముందు కుట్టింది ఎడమచేతివాటం మనిషి,
అనుకున్నాను.
ఎవరంటే పాత్రోకి తెలీదు.
కాగితాల్లో ఇంజను నంబరుంది,
రెక్కల గుడ్డ ఏ ఏడు మార్చారో ఉంది,
కుట్టిన చెయ్యి లేదు.

ఎడమ సీటు నేర్చుకునేవాళ్ళది.
అంచు కింద వేళ్ళు పెడితే గోళ్ళ గాట్లు తగిలాయి,
ఒకదాని మీద ఒకటి, ఎంతమందివో.
కుడి సీటు నేర్పేవాళ్ళది.
దానికి గాటన్నది లేదు. ఒక్కటే గుంత,
చిన్నది, కాస్త ఎడమకి ఒరిగి,
పక్కవాడి చేతుల మీద కన్నేసి ఉంచిన మనిషి కూర్చున్నట్టు.

మూడో నాడు ఆసామి వచ్చాడు, కృపాసింధు బిశోయి,
డెబ్బై దాటినవాడు, చెప్పులు బయటే విడిచి.
గుంతలో అరచెయ్యి పెట్టాడు. తియ్యలేదు.
"హేమనళినీ దీదీ. నలభై ఎనిమిది కిలోలు.
పొద్దున్నే బరువుల లెక్కలో నేనే రాసేవాణ్ణి."

అలాగే ఉంచమంటాడనుకున్నాను.
ఉంచగలను కూడా, చుట్టూ పీచు బిగించి.
దానికెంత అడగాలో మనసులో కట్టేశాను.
"పూడ్చెయ్యమ్మా" అన్నాడు.
"కొత్తగా వచ్చే మాస్టారికి నడుం నొప్పి."

స్కూటర్ల స్పాంజి ముక్క ఒకటి
పాత్రో అగ్గిపుల్లకి చూపించాడు.
బొట్లు బొట్లుగా మండుతూ కారింది,
నేలమీద పడ్డా ఆరలేదు.
ఊరంతా నా చేతిమీదుగా దాని మీదే కూర్చుని తిరుగుతోంది.
ఆ రాత్రి అన్నం సయించలేదు.
కటకం నుంచి మందు పట్టిన ఉన్ని వచ్చింది.
దానికీ అగ్గిపుల్ల గీశాం:
నల్లబడింది, అలిగింది, అంటుకోలేదు.

కుట్టడం మొదలెట్టాను.
మూలకొచ్చేసరికి ఇనప గొట్టం అడ్డం.
కుడిచెయ్యి దూరదు. తిప్పి చూశాను, వంగి చూశాను,
ఆఖరికి ఎడమ చేత్తో పొడిచాను సూది.
ముడి ఎదురు దిక్కుకి పడింది.
ఓహో.
నాలాంటి మనిషేనన్నమాట.

కాటా మీద ఎడమ సీటు సరిపోయింది.
కుడిది నలభై గ్రాములు ఎక్కువ.
"మీ గుంత పూడ్చిన బరువే" అన్నాను.
పాత్రో నవ్వలేదు. తియ్యాల్సిందే అన్నాడు.
రెండు గంటల కుట్టు విప్పి
గుప్పెడు ఉన్ని తీసి, మళ్ళీ మూశాను.

ఆదివారం నెత్తిమీంచి పోయింది, కుట్టుమిషన్‌లా చప్పుడు చేస్తూ.
దాలమ్మ వీధిలోకి పరిగెత్తి
"నీ సీట్లే, నీ సీట్లే" అని అరిచింది.
పళ్ళ మధ్య దారం, ఒళ్ళో ఆటో సీటు,
నేను లేచేలోపు గోపాల్‌పూర్ వైపు దాటిపోయింది.

ఆ గుప్పెడు ఉన్ని సూదుల డబ్బాలో ఉంది.
సూదులు దానికే గుచ్చుతున్నాను.