చెవి బిళ్ల

సిరొంచలో దానికి రెండు పేర్లు.
రిజిస్టరులో గోచీడ్,
నోట్లో పిడుదు.
ఏ పేరుతో పిలిచినా పలకదు.
గడ్డిపోచ కొసన ముందుకాళ్లు చాపి
ఎత్తుకొమ్మని చేతులందించే పసిదాని లెక్క
పోయేటోళ్ల ఊపిరి కోసం కూసుంటది.
ఒక వారం, ఒక నెల, ఒక ఎండకాలం.

ఇరవై రెండేండ్లుగా పశువుల దవాఖానల
డ్రెస్సర్ పని నాది.
మెలిపెట్టొద్దు, తల లోపలే తెగుతది.
గోటితో నలపొద్దు.
తోలుకు ఆనించి పట్టి, తిన్నగ, మెల్లగ.
కిరసనాయిలు డబ్బాల ఎన్ని రాలినయో
ఏ రిజిస్టరులోనూ లేదు.

దుర్గం సడవలి ఇంటికి
స్కీము కింద జెర్సీ ఆవొచ్చింది.
లారీ దిగి, ప్రాణహిత దిక్కు మోర ఎత్తి
గాలి వాసన చూసింది.
చెవికి పసుప్పచ్చ బిళ్ల, పన్నెండు అంకెలు.
మా గిడ్డావులు తాతల నాడే
పిడుదులకు వడ్డీ కట్టి కట్టి మొండిపడ్డయి.
దీని నెత్తురుకు ఈ ఊరు కొత్త.

మూడో వానకు మేత మానింది.
మూత్రం మొదలు చాయ్ రంగు,
తెల్లారేసరికి డికాషన్.
సూదిమందు గడ్చిరోలి నుంచి రావాలె.
బస్సు ఆలపల్లి అవతల, వాగు కాడ ఆగింది.
సడవలి కొడుకు ఓంకార్
రాత్రంత దాని తల ఒళ్లో పెట్టుకున్నడు.

బీమా కావాల్నంటే
బిళ్లతోటి చెవి పంపాలె.
కోసింది నేనే.
మడతల లోపల, బిళ్ల వెనక నీడకు
ఆముదం గింజలు ఒత్తుకొని పండుకున్నట్టు.
కొన్ని అప్పుడే బయల్దేరినయి.
సల్లారిన పొయ్యి కాడ ఎవరు కూసుంటరు?
తొందర లేదు. ఏడుపు లేదు.
వాటి మీద కోపం తెచ్చుకుందామని చూసిన,
రాలే.
ఎవరి మూటో మోసుకొచ్చిన కూలి అది.
మూటల ఏమున్నదో దానికేం ఎరుక?
చెవిని పాలిథిన్ కవర్ల ఏసి ముడేసిన.

పదో రోజు ఓంకార్ కు జ్వరం.
మా దిక్కు జ్వరమంటే మలేరియానే.
వేలు పొడిచిండ్రు, లేదన్నరు.
మళ్ల పొడిచిండ్రు, లేదన్నరు.
అయినా గోళీలు అవే.
పిలగాడు అన్నీ చెప్తనే ఉన్నడు:
తల పలుగుతున్నది, పిక్కలు గుంజుతున్నయి,
సలి, సలి.
నోరుంది కదా అని వాని నోరే విన్నరు,
ఒళ్లు ఎవరూ సూడలే.

మనుషుల దవాఖానల నాకు మాట లేదు.
అయినా అన్న:
"మేడం, వీణ్ని పశువును చూసినట్టు చూడుండ్రి."
సడవలి నా మోచెయ్యి గిచ్చిండు.
వరండా మొత్తం నా దిక్కు తిరిగింది.
ఎట్ల చెప్పాలె?
నోరు లేని జీవాన్ని మేము
చెవి మడతల, తోక కింద, పొదుగు పక్కన, గిట్టల సందున
వేళ్లతోటి అడుగుతం.

ఆమె కలం కింద పెట్టింది.
అంగీ ఇప్పించింది.
ఎడమ చంకల,
అగరొత్తి అంటుకున్నట్టు నల్లటి పొక్కు,
మెంతిగింజంత, చుట్టూ ఎరుపు.
తల్లి రోజూ స్నానం పోసిన ఒళ్లే అది.
డాక్టరమ్మ ఏమీ అనలే.
చీటీ మీద ఒక పేరు కొట్టేసి ఇంకోటి రాసింది.
మూడో నాడు వాడు
ఉడుకన్నం, ఎండుచేప అడిగిండట.

బీమా ఇంక రాలే.
పన్నెండు అంకెల్లో ఒకటి తప్పట,
ఆరు ఉండాల్సిన కాడ తొమ్మిది.
ఆ చెవి ఏ బల్ల కిందున్నదో.

ఇప్పుడు పొద్దుగూకి ఇల్లు చేరితే
లచ్చుబాయి నన్ను బల్బు కింద స్టూలు మీద కూసోబెడ్తది.
మెడ వెనక, చంకల, మోకాలి మడతల
నాకు కనపడని చోట్లన్నీ వేళ్లతో తడుముతది.
ఒకసారి పుట్టుమచ్చను పట్టి గుంజింది,
ఇద్దరం నవ్వినం.
ఏమైతున్నదని అడగదు.
సూస్తది.