వేలు పడ్తలేదు

రేషన్ షాపు కాడ మూడోసారి
మిషిన్ మీద వేలు పెట్టిన.
ఎర్రలైటు.
"తుడిచి పెట్టు మొగులమ్మా" అన్నడు డీలరు.
కొంగుకు తుడిచిన, నెత్తికి రాసిన,
ఉమ్ముతోని తడి చేసిన.
బొటనవేలు, చూపుడువేలు, ఆఖరికి చిటికెనవేలు.
ఎనుక లైన్ల ఎవరో ముక్కు మూసుకున్నరు:
"ఎవరే, ఎల్లిగడ్డ వాసన!"

నేనే.
కాటేదాన్‌ల రేకుల షెడ్డు.
పొద్దుగాల లోపలికి పోంగనే కండ్లు ఏడుస్తయి,
ఎందుకేడుస్తున్నయో జరసేపటికి మర్చిపోతయి.
డ్రమ్ములల్ల నానిన ఎల్లిగడ్డ,
ఒలిచినకొద్దీ ఇంకో బస్తా కుమ్మరిస్తరు.
కిలోకు ఇంత అని లెక్క.
మొదటి వారం గోళ్ల సందులు మండినయి.
రెండో నెలకు తోలు లేసింది,
పలచగ, తెల్లగ,
ఏది దాని పొట్టో ఏది నా పొట్టో
ఊడ్చే చీపురుకు తెల్వది.

గ్లౌజులు లేవని కాదు, ఉన్నయి.
ఆఫీసర్లొచ్చిన దినం బీరువాలకెల్లి తీస్తరు,
వాళ్ల జీపు గేటు దాటంగనే
లెక్కబెట్టి లోపల పెడ్తరు.

అవతలి అర్రల గ్రైండరు.
దాని కాడ బులు, ఒడిశా పిలగాడు,
చెవులల్ల దూది పెట్టుకుంటడు.
దూది తీసినా ఇప్పుడు పిలిస్తే పలుకడు,
భుజం తట్టాలె.
మూడు డబ్బాలకెల్లి ముంచి పోస్తడు.
ఏందిరా ఇవి అంటే
ఒకటి పులుపంటడు, ఒకటి రంగంటడు,
మూడోదానికి పేరు లేదు.
పేరు లేనిదే ఎక్కువ పడ్తది.
బజార్ల అల్లం పిరమైన నాడు
మా పేస్టు ఇంకింత పచ్చగ మెరుస్తది.

తారీఖు గుద్దేది రఫత్ ఆపా.
రాత్రి షిఫ్టుల రేపటి తారీఖు గుద్దుతది.
"ఇంకా పుట్టని దినానికి
మనమే మంత్రసానులం" అని నవ్వుతది.
నవ్వితే దగ్గొస్తది,
దగ్గుకు మిషిన్ ఆగదు.

ప్యాకెట్ మీద ఒక చెయ్యి బొమ్మ.
గోరింటాకు, నిండ గాజులు, పక్కన రోలు.
"అమ్మ చేతి రుచి" అని రాసుంటది.
ఆ చెయ్యి ఎవరిదని దిగంబర్ సార్‌ను అడిగిన ఒకసారి.
"కంప్యూటర్‌ది" అన్నడు.

మా ఇంట్లనూ రోలున్నది,
గాలికి తలుపు కొట్టుకోకుంట అడ్డం పెట్టిన.
నూరే ఓపిక ఉంటే నేనెందుకిట్లుంట?
ఐదు రూపాయల ప్యాకెట్
పండ్లతోని చింపి గిన్నెల పిండుతది మా శైలు.
వద్దే అనబోయి ఊకుంట.
వద్దంటే ఎందుకని అడుగుతది,
ఎందుకో చెప్తే రేపట్నుంచి
నేను పనికెట్ల పోవాలె?
కడుపుల మంటంటది పిల్ల.
బస్తీ దవాఖానల గులాబి గోలీలిచ్చి
"బయటి తిండి తినకు" అన్నది డాక్టరమ్మ.
మేం ఇంట్ల తిండే తిన్నం, అమ్మా.

"వేలు పడ్తలేదు, కన్ను పెట్టు" అన్నడు డీలరు.
రెప్ప కొట్టొద్దంటడు.
పది గంటలు మండిన కన్ను
తెరిచి ఉండమంటే ఉంటదా?
నీళ్లు కారినయి.
"ఏడుస్తున్నవా?" అన్నడు.
లే, డ్యూటీల ఉన్న అన్న.
నాలుగోసారి పచ్చలైటు.

ఎందుకన్న మంచిదని రిజిస్టర్ల
నల్లసిరా ముద్ర ఎయ్యమన్నడు.
ఏసిన.
మచ్చ పడ్డది, గీతలు పడలే.
"గింత నున్నగ ఎట్లయింది?" అని
కాయితం లైటుకు పెట్టి చూసిండు.
నేనేం జెప్పాలె?
అత్తాపూర్ల పదో అంతస్తుల ఫ్రిజ్జు తెరిచి చూడు,
శంషాబాద్ రోడ్డు మీద ఫంక్షన్ హాల్ల
దేగిసల అడుగు గీకి చూడు అనాల్నా?
సంచి కట్టుకున్న, నెత్తికెత్తుకున్న.

ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద గుడ్ల పులుసు.
రోలు కాలితోని జరిపి లోపలికొచ్చిన.
శైలు ఎనుకకు మళ్లి చూడలే.
వాసన కూరదనుకున్నది.