ఏడో పలకలో అదే ముడి

ఏప్రిల్లో సెయింట్ జాన్ నది
తలుపు తట్టకుండా లోపలికొచ్చి
మూడు రోజులు వంటింట్లో కూర్చుంది.
పోతూ పోతూ పాత మేపుల్ చెక్కల నేలని
బోర్లించిన పడవలా ఉబ్బించి పోయింది.

ఇప్పుడు జూన్.
ఒవీలా తెరియో, ఆయన భార్య లెయొనీ
నా కొట్టులో నిలబడ్డారు.
ముప్పై ఎనిమిదేళ్ళు రంపపు మిల్లులో పనిచేసిన మనిషి.
ఎడమచేతికి మూడే వేళ్ళు.
ఆ మూడింటితోనే నమూనా ముక్కని తిరగేసి
వాసన చూశాడు.

వినైల్‌కి వాసనేముంటుంది,
కొత్త చెప్పుల పెట్టె వాసన తప్ప?

"ఓక్ అని రాశావు."
"ఓక్ బొమ్మండీ."
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే ఉద్యోగం నాది.
ఇక్కడ కాయలూ లేవు.

నీళ్ళు తాగదన్నాను. కుక్కగోళ్ళకి గీత పడదన్నాను.
పైపొర ఇరవై మిల్ అన్నాను.
మిల్లు అనుకుని తలెత్తాడు,
కాదని తెలిసి మళ్ళీ దించుకున్నాడు.

లెయొనీకి ఈ గొడవేం పట్టలేదు.
"కిందికి నీళ్ళు పోతే?"
"పలకలు ఊడదీసి, ఆరబెట్టి, మళ్ళీ బిగించుకోవచ్చు."
అదొక్కటే అడిగింది.
ఐదు ముక్కలు సంచీలో వేసుకుపోయి
వారం తర్వాత కరెంటు బిల్లు వెనక రాసుకొచ్చింది:
*బూడిదరంగు, పొద్దున బాగుంది.
నాలుగింటికి ఆసుపత్రి.
తెల్లది, అబద్ధం.
తేనెరంగు, దీపం కింద కూడా తేనెరంగే.
టీ పోసి చూశాను. కనపడలేదు.*

తేనెరంగు పెట్టె తెరిచి
ఆయన పలకలన్నీ కొట్టులో వరసగా పరిచాడు.
నేలమీద కూర్చున్నాడు,
డెబ్బై రెండేళ్ళ మోకాళ్ళు చప్పుడు చేస్తుంటే.

"ఇదిగో ఇక్కడ ఓ కొమ్మ విరిగింది.
గాయం పూడటానికి నాలుగేళ్ళు పట్టింది.
ఈ సన్నగీతలు వానల్లేని ఏడు.
కోసినవాడెవడో, బ్లేడు పదునుగా ఉంచుకున్నాడు."
అని మెచ్చుకోలుగా తల ఊపి
వేలు ముందుకి జరుపుతూ పోయి
ఏడో పలక దగ్గర ఆగాడు.
అదే ముడి.
అదే విరిగిన కొమ్మ. అవే నాలుగేళ్ళు.

ఎంత కరువులోనైనా
ఒకేలాంటి గాయం రెండుసార్లు పడదు చెట్టుకి.
"ఎక్కడి చెట్టిది?" అన్నాడు.
పెట్టెమీద వెతికాను.
అచ్చువేసిన దేశం ఉంది, బరువుంది, పారంటీ ఏళ్ళున్నాయి.
ఎక్కడో ఏదో ఒక్క ఓక్
ఒక్కసారి ఫోటో దిగి
ఎన్ని ఇళ్ళలో పడుకుందో ఎవరికి తెలుసు.

కొనరనుకున్నాను.
లెయొనీ అప్పటికే పర్సు తీసింది.

పెట్టెలు రెండ్రోజులు వంటింట్లోనే ఉంచమని,
గోడ పక్కన పావంగుళం వదలమని చెప్పాను.
"దీనికీ వదలాలా?"
"ఎండకి సాగుతుందండీ."
మొదటిసారి నవ్వాడు.
"అయితే కాస్త చెక్కే."

అక్టోబర్లో గుమ్మం పట్టీ తక్కువైందంటే
నేనే తీసుకెళ్ళాను.
నేల బాగా కుదిరింది. మెల్లగా వెతికాను,
ఎక్కడా ఆ ముడి లేదు.
ఒకటి స్టవ్ కిందికి, ఒకటి ఫ్రిజ్ కిందికి,
రెండు అలమర అడుగుకి,
మిగిలినవి కోసి అంచుల్లోకి తోసేశాడట.
పెరటి గుమ్మం దగ్గర మాత్రం
ఒకే ఒక్కటి, వెలుతురు పడేచోట.

"ఇది అసలుది," అన్నాడు ఒవీలా,
మనిషిని పరిచయం చేసినట్టు.

లెయొనీ దానిమీదే
బురద బూట్ల పళ్ళెం పెట్టుకుంది.
నేనున్న అరగంటలో రెండుసార్లు
ఆయన కాలితో పళ్ళేన్ని పక్కకి జరిపాడు.
రెండుసార్లూ ఆమె, మాట ఆపకుండానే,
వెనక్కి జరిపింది.