తలుపు లేని చోట

ఇదివరకు ఇదే బకెట్టుతో
నరసాపురం గోడల మీద సినిమా బొమ్మలు అంటించేవాణ్ణి.
శుక్రవారానికో కొత్త మొహం.
ఇప్పుడు బ్యాంకు నోటీసులు అంటిస్తున్నాను.
మైదా అదే, మైలుతుత్తం అదే.
కాయితానికి రెండొందలు,
ఫొటో కూడా నేనే తీస్తే ఇంకో యాభై.

మిల్లయితే తలుపుంటుంది.
ఇల్లయితే గుమ్మం ఉంటుంది, గుమ్మానికి పసుపుంటుంది,
పసుపుకి తగలకుండా జిగురెలా రాయాలో
నా చేతికి తెలుసు.
చెరువుకేముంటుంది?

కొల్లాటి నాగరత్నం గారి రెండెకరాల ముప్పై సెంట్ల గట్టు మీద
ఆథరైజ్డ్ ఆఫీసరు గారు
బూట్లు చేత్తో పట్టుకుని షెడ్యూలు చదివారు.
తూర్పు: మురుగు బోదె.
దక్షిణం: సంగాని ఏసుపాదం వరిచేను.
ఏసుపాదం పోయి పదకొండేళ్లు, అతని చేనూ చెరువైపోయింది,
కాయితంలో మాత్రం ఇంకా ఊడుస్తూనే ఉన్నాడు.
పడమర: పుంత.
ఉత్తరం: వాటాదారుల మిగులు భూమి.
ఈ నాలుగు హద్దుల మధ్య గల స్థిరాస్తి, అన్నారు.
నాలుగు ఏరియేటర్ల కింద
ఆ స్థిరాస్తి తెల్లగా నురగలు కక్కుతోంది.

అప్పు ఆవిడది కాదు.
అక్క కొడుకు ఐసు ఫ్యాక్టరీది.
ఐసు కరిగింది, కుర్రాడి ఫోను మూగబోయింది,
జామీను సంతకం ఒక్కటీ కరగలేదు.

ప్లీడరు గారు గొడుగు కిందనుంచి అన్నారు:
సాగుభూమికి ఈ చట్టం వర్తించదండీ.
ఇది సాగా? అన్నారు ఆఫీసరు.
మరేంటండీ, అంది నాగరత్నం,
పిల్ల వేస్తాం, మేత వేస్తాం, ఆకాశం కేసి చూస్తాం,
తెల్లమచ్చ వస్తే తల బాదుకుంటాం.
వరికి కోత, దీనికి పట్టుబడి, అంతేగా తేడా.
పట్టుబడి అన్న మాట దగ్గర
అందరం కాసేపు ఊరుకున్నాం.

అడంగల్లో వరి.
బ్యాంకు ఫైల్లో ఆక్వా యూనిట్.
కళ్లెదుట ఉప్పునీళ్లు.
ఏది నిజమో విశాఖపట్నంలో ట్రిబ్యునల్ తేలుస్తుందట,
వాయిదా వచ్చే నెల పద్దెనిమిది.

నోటీసొచ్చిన మూడోరోజు పిల్ల వేశానండీ, అందావిడ.
మీ చట్టం అరవై రోజుల పంట.
రొయ్య వంద రోజుల పంట.

ఎవరి దగ్గరా జవాబు లేదు గానీ తాళం ఉంది.
ఆఫీసరు గారు అటూ ఇటూ చూశారు.
అంత ఆస్తిలోనూ తలుపున్నది ఒక్కటే,
తాటిస్తంభానికి కొట్టిన కరెంటు స్టార్టరు పెట్టె.

దానికేస్తే రెండు గంటలండీ,
అన్నీ మీదకొచ్చి మూతులు తెరుస్తాయి.
రేపు పొద్దున్నకి మీరు స్వాధీనం చేసుకోడానికి
కంపు మిగుల్తది.
గొంతు పెంచలేదావిడ. మేత లెక్క చెప్పినట్టు చెప్పింది.

ఆఫీసరు గారు తాళం జేబులో వేసుకున్నారు, తీశారు, మళ్లీ వేసుకున్నారు.
ప్రతీకాత్మక స్వాధీనం అని రాసుకుందాం, అన్నారు
ఎవరి మొహమూ చూడకుండా.
చట్టంలో అంత సందుందని నాకప్పుడే తెలిసింది.

పెట్టె మీద కాయితం పరిచాను.
పచ్చబొత్తం, ఎర్రబొత్తం రెండూ కప్పడిపోయాయి.
బ్లేడుతో అక్కడ చిన్న కిటికీ కోశాను.
యావన్మందికీ తెలియజేయునది ఏమనగా అన్న చోట
యావన్మందీ ఊడి
జిగురుతో సహా చెక్‌ట్రేలో పడ్డారు.

ఫొటో తీశాను, తేదీ పడేలాగ.
ఆ బొక్కేంటయ్యా? అన్నారు.
బొత్తం సార్, అన్నాను.
ఇంకేం అడగలేదు. పంచనామాలో సాక్షి గడి చూపించారు.
శాంతియుతముగా, అని ఉంది పైన. సంతకం పెట్టాను.

బండి తిప్పుతుంటే ఆవిడ చెక్‌ట్రే పైకి లాగింది.
కాయితం ముక్క లేదు.
మైదా కదా, అంది నాతో,
తినేశాయి.