ఇస్త్రీ చొక్కా

రాత్రి తొమ్మిదిన్నరకి జిల్లా పేజీలో
అడుగున, ఎడమపక్క, రెండు కాలమ్‌లు ఖాళీగా ఉంచేవాణ్ణి.
ఎరువుల ప్రకటన వచ్చినా ఇచ్చేవాణ్ణి కాదు.
ఆ చోటు చెంగల్రాయుడిది.

గ్రీమ్స్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు,
చొక్కా లోపల అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పు కింద బొమ్మ.
వానొస్తే తను తడిసేవాడు.
సంతకం చేయడు. మూలన ఒక మామిడి టెంక గీస్తాడు.
"అందరూ చీకినాక మిగిలేది ఇదే గదప్పా" అంటాడు.

ఆ ఏడు తోతాపురి కిలో నాలుగు రూపాయలు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్లు
పెట్రోలు బంకు దాటి, కల్వర్టు దాటి
మూడు రాత్రులు కదల్లేదు.
పైన కాయలు పండి, కింద కాయలు కుళ్ళి
చిత్తూరంతా తియ్యగా కంపు కొట్టింది.
ఈగలకి మాత్రం గిట్టుబాటైంది.

చెంగల్రాయుడు గీశాడు:
కాటా మీద ఒక పక్క నాయకుడి బొజ్జ,
ఇంకో పక్క లోడు ట్రాక్టరు, గాల్లో తేలుతూ.
ట్రాక్టరు పట్టుకుని వేలాడుతూ రైతు,
చిల్లుల బనీను, లెక్కపెట్టడానికి వీలుగా పక్కటెముకలు.
కింద ఒకటే మాట: 'తూకం సరిగ్గానే ఉంది.'

పొద్దున కోర్టు ఎదురుగా టీ అంగట్లో
గుమాస్తాలు గ్లాసులు దించి మరీ నవ్వారు.
మధ్యాహ్నం నాయకుడి మనిషి ఆఫీసుకొచ్చాడు.
మేం కుర్చీల్లోంచి లేచాం.
అతని చేతిలో స్వీటు డబ్బా.
"అన్నకి శానా నచ్చింది. అసలు బొమ్మ కావాలంట.
ఫ్రేము కట్టించి హాల్లో పెడతాడంట.
బొజ్జ ఇంకొంచెం పెద్దది చేసినా ఏమీ అనుకోడంట."

చెంగల్రాయుడు మైసూరుపాకు ముక్క పట్టుకుని
చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

సాయంత్రం ఇంకొకాయన.
మొగిలప్ప, బంగారుపాళెం అవతల ఊరు.
తెల్ల చొక్కా, చేతి మడత కత్తిలా నిలబడి ఉంది.
పేపరు నాలుగు మడతలు విప్పాడు.

"దీన్ని గీసినోడు యాడ?"
"నేనే సామీ."
"ఈ ట్రాక్టరు నాది. నెంబరు గూడా ఏసినావు.
నేనెప్పుడు బనీనుతో నిలబడితిని?
మూడు దినాలు లైన్లో ఉండా, దినామూ చొక్కా మార్చినా.
నా పెండ్లాం ఇస్త్రీ చేసి, సద్దితో పాటు పంపిస్తా ఉండె.
కాయకి రేటు లేదు, సరే.
నన్నెందుకప్పా ఊరి ముందర గుడ్డలిప్పి నిలబెడితివి?"

మా సబ్ ఎడిటర్ నవ్వబోయి ఆగాడు.
"నలుగురూ జాలిపడతారనీ..." అన్నాడు చెంగల్రాయుడు.
"జాలి కిలో ఎంత?"

నీళ్ళిస్తే తాగాడు.
మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి
"ట్రాక్టరు బాగా ఏసినావులే. ఎనక టైరు అచ్చం నాదే" అన్నాడు.

ఆ రాత్రి బొమ్మ పదింపావుకొచ్చింది.
ప్రెస్సు వాళ్ళు తిడుతున్నారు.
బొజ్జ లేదు, కాటా లేదు.
గేటు, గేటుకి తాళం.
తాళం ముందు ఇస్త్రీ చొక్కా మనిషి,
జేబులోంచి తొంగిచూసే టోకెను చీటీ.
తిన్నగా మనకేసి చూస్తున్నాడు.
కింద మాట లేదు. మూలన టెంకా లేదు.
"సంతకం మర్చిపోయావు" అన్నాను.
"ఆయన ముందర అదెందుకులే" అన్నాడు.

మర్నాడు టీ అంగట్లో ఎవరూ నవ్వలేదు.
ఒక గుమాస్తా పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పాడు.
పదింటికి ఫోను:
"అన్న అడగమన్నాడు. దీంట్లో జోకు యాడుంది?"

పై వారం ఆ చోట్లోకి ఎరువుల ప్రకటన వచ్చింది.
పచ్చటి చేను, ఎర్రటి తలపాగా,
ఏ ఊళ్ళోనూ నేను చూడనన్ని తెల్లటి పళ్ళు.
ఆ పేజీ పెట్టింది నేనే.
రెండు కాలమ్‌లు, పన్నెండు సెంటీమీటర్లు.
కొలత సరిగ్గానే ఉంది.